ప్రార్థన రావడం లేదంటే విశ్వాసం పోయినట్టేనా?

ప్రశ్న: వందనాలండీ. మాది చీరాల దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 44 ఏళ్లు, ఆటో నడిపేవారు. షుగరు వల్ల రెండు కిడ్నీలూ పాడైపోయాయి. ఎనిమిది నెలలుగా సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాను. పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి. నేను ఇంట్లో బట్టలు కుడతాను. పోయిన నెల మా ఊళ్లో మూడు రోజులు కూడికలు జరిగాయి. వచ్చిన బోధకుడు ఆయన తల మీద చెయ్యి పెట్టి, స్వస్థత అయిపోయింది, ఇక మిషను దగ్గరికి వెళ్తే అవిశ్వాసం అన్నాడు. మా అత్తగారు ఆ మాటే పట్టుకున్నారు. ఒక బుధవారం మానేశాం. శుక్రవారం తెల్లారేసరికి ఆయనకు ఊపిరాడలేదు. ఎలాగో బతికి బయటపడ్డారు. ఇప్పుడు ఆ బోధకుడే, మీ ఇంట్లో దాచిన పాపం ఉంది, ఒప్పుకుని కానుక కట్టండి అంటున్నాడు. అప్పటి నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. మోకరిస్తాను, ఒక్క మాట పెగలదు. చర్చికి వెళ్లాలంటే సిగ్గుగా ఉంది. కష్టకాలంలో దేవుడే బలం అని చిన్నప్పటి నుంచీ పాడుతున్నాను. ఆ బలం ఎక్కడుంది? నా విశ్వాసం పోయిందా?
— ఒక సోదరి, బాపట్ల జిల్లా

జవాబు: అమ్మా, మీకు వందనాలు. మీ ఆఖరి ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను: పోలేదు. ఎందుకు పోలేదో తర్వాత వివరంగా రాస్తాను. దానికంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది, అది ప్రాణంతో పని.

డయాలసిస్ ఒక్క పూట కూడా మానవద్దు. ఎవరు చెప్పినా, ఏ కూడికలో చెప్పినా, ఎంత ప్రేమగా చెప్పినా మానవద్దు. కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంట్లో రెండు పేరుకుంటాయి. ఒకటి నీరు. అది ఊపిరితిత్తుల్లోకి చేరితే పడుకోగానే ఆయాసం వస్తుంది, లేచి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. మీరు రాసిన శుక్రవారం తెల్లవారుజామున జరిగింది అదే అయ్యుండాలి. రెండోది పొటాషియం. అది రక్తంలో పెరిగితే గుండె కొట్టుకునే తీరు చెడుతుంది. ఒక్కోసారి ముందస్తు నొప్పీ ఉండదు, హెచ్చరికా ఉండదు. కాళ్లూ చేతులూ సచ్చుబడినట్టున్నా, గుండె దడదడలాడినా, పడుకుంటే ఊపిరాడకపోయినా ప్రార్థన అయ్యాక చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. ప్రార్థన అంబులెన్సులో చేసుకోవచ్చు.

ఇది అవిశ్వాసం కాదని మీ అత్తగారికి చూపించడానికి బైబిల్లోనే చాలినంత ఉంది. రెండో రాజుల గ్రంథం 20వ అధ్యాయం తీయండి. హిజ్కియా రాజుకు మరణకరమైన రోగం. గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేశాడు. యెషయా ప్రవక్త నడిమిశాల దాటి వెళ్లకముందే దేవుడు జవాబిచ్చాడు: నీ కన్నీళ్లు చూశాను, నిన్ను బాగుచేస్తాను, నీ ఆయుష్షుకు ఇంకో 15 ఏళ్లు కలుపుతాను. దేవుడి నోటి నుంచి వచ్చిన వాగ్దానం అది. అంతకంటే ఖాయమైన మాట లేదు. అయినా ఆ వెంటనే యెషయా ఏం చెప్పాడు? అంజూరపు పళ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం వచ్చింది కాబట్టి కట్టు వద్దని అనలేదు. ఆ కాలానికి తెలిసిన మందు అదే, మీ ఆయన కాలానికి దొరికిన మందు ఆ మిషను. అత్తగారికి ఈ అధ్యాయం మీరు చదివి వినిపించకండి, కోడలు పాఠం చెప్పినట్టు ఉంటుంది. మీ సొంత సంఘం అయ్యగారిని ఇంటికి పిలిచి ఆయన చేత చదివించండి. అత్తగారు తప్పు చేశారని ఎవరూ అనకూడదు. కొడుకు బతకాలన్న ఆశతోనే ఆవిడ ఆ మాట పట్టుకున్నారు, శుక్రవారం నుంచి లోపల ఎంత కుమిలిపోతున్నారో!

ఇక దాచిన పాపం సంగతి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు యేసును అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే: ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవాళ్లా? వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అని ఆయన జవాబు (యోహాను 9:3). యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాటాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పి, నీలో పాపం ఉంది, ఒప్పుకో అనడం మొదలుపెట్టాక పుస్తకం చివర్లో దేవుడు కోపపడింది వాళ్ల మీదే, యోబు మీద కాదు. పౌలు సంగతీ చూడండి. ఎంతోమంది ఆయన చేతుల మీదుగా బాగుపడ్డారు. తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మాత్రం మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. తోటి సేవకుడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచిపెట్టి వచ్చానని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:20). అతనికి విశ్వాసం చాలలేదని ఒక్క ముక్క కూడా రాయలేదు. రోగం తగ్గకపోతే తప్పు రోగిదే అనే బోధ అపొస్తలుల దగ్గర లేదు.

ఆ బోధకుడు మళ్లీ వస్తే వాదన పెట్టుకోకండి. మీకు ఆ ఓపిక లేదు, అవసరమూ లేదు. "అయ్యగారూ, మీ ప్రార్థనకు వందనాలు. డాక్టరు చెప్పింది మానం. కానుక సంగతి మా సంఘంలో చూసుకుంటాం" అని గుమ్మంలోనే చెప్పి ఊరుకోండి. ఇదే మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చినా మార్చకుండా చెప్పండి. కొత్త కారణం చెబితే దాని మీద కొత్త వాదన మొదలవుతుంది.

కానుక కోసం అప్పు చేయవద్దు. తల్లిదండ్రులకు అక్కరకు రావాల్సింది కొర్బాను అని దేవుడికి రాసిపెట్టేసేవాళ్లను యేసు గట్టిగా తప్పుబట్టాడు (మార్కు 7:11). మందులకు పోవాల్సిన డబ్బు కానుకగా వెళ్తే అదీ ఇదీ ఒకటే. బీద విధవరాలి రెండు కాసులను ఆయన మెచ్చుకున్నాడు, నిజమే. కానీ ఆవిడను ఆ కాసులు ఎవరూ అడగలేదు. అప్పుల్లో ఉన్న ఇంకో విధవరాలి కథ రెండో రాజులు 4వ అధ్యాయంలో ఉంది. అప్పులవాడు ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ప్రవక్త అడిగిన మొదటి ప్రశ్న: నీ ఇంట్లో ఏముంది? నూనె కుండ ఒక్కటే ఉంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, కొన్ని కాదు, చాలా తెచ్చుకో అన్నాడు. నూనె నిండాక, అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. తనకు దశమభాగం పెట్టమని అడగలేదు.

ఆ వరుసే మీరూ పట్టుకోండి. ఒక తెల్లకాగితం మీద అప్పులన్నీ రాయండి: ఎవరికి, ఎంత, నూటికి నెలకు ఎంత వడ్డీ. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ముందు తెగ్గొట్టాల్సింది అదే. డ్వాక్రా సంఘం అప్పో, బ్యాంకులో బంగారం మీద అప్పో దానికంటే చాలా తక్కువలో వస్తుంది. డయాలసిస్ రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఇప్పటికే వస్తుంటే సరే, లేకపోతే ఆసుపత్రి కాగితాలు పట్టుకుని మీ ఊరి సచివాలయంలో అడగండి. డయాలసిస్ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవలో పడుతోందో లేదో ఆసుపత్రిలోని వైద్య మిత్ర దగ్గర కనుక్కోండి. ఇవన్నీ లోక సంబంధమైన పనులు, విశ్వాసానికి సంబంధం లేదు అనుకోవద్దు.

మీ ప్రాంతపు క్రైస్తవ చరిత్రలోనే ఇందుకు సాక్ష్యం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ఊరికే ప్రార్థనా కూటాలు పెట్టి కూర్చోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పనీ కూలీ ఇప్పించాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న, ఒక్క రోజులో, 2,222 మంది గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య చాలామంది చెబుతారు. దానికి ముందు ఆ గడ్డపారలూ తట్టలూ ఉన్నాయని తక్కువమంది చెబుతారు. ఆ కాలువ మీ వైపు తీరం వెంటే పోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ప్రార్థన రావడం లేదన్నది.

మన సంఘాల్లో ప్రార్థన అంటే ఒక భాష అలవాటైపోయింది. "పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఉదయకాల సమయమున నీ సన్నిధికి వచ్చియున్నాము" అని మొదలై, స్తుతి, కృతజ్ఞత, మనవి, ఆమేన్ అని వరుసగా సాగాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ వరుస మంచిదే. గుండె గడ్డకట్టుకుపోయినప్పుడు మాత్రం స్తుతి దగ్గరే నాలుక ఆగిపోతుంది, ఎందుకంటే లోపల ఉన్నది స్తుతి కాదు. లేనిదాన్ని పలకలేక, ఉన్నదాన్ని పలకడానికి భయపడి, మాటే లేకుండా కూర్చుంటాం. మీకు జరిగింది ఇదే అనిపిస్తోంది. మీకు లేనిది విశ్వాసం కాదమ్మా, ఫిర్యాదు చేయడానికి అనుమతి.

ఆ అనుమతి కీర్తనల గ్రంథం ఇస్తుంది. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. 13వ కీర్తన చూడండి, ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. నమస్కారం లేదు, స్తోత్రం లేదు, నేరుగా నిలదీయడమే. మొదటి రెండు వచనాలు ఫిర్యాదు, తర్వాతి రెండూ మనవి, చివరి రెండూ నమ్మకం. ఆ మూడు మెట్లనూ ఒక్క రోజులో ఎక్కేయాలని లేదు. కొన్ని నెలల పాటు మొదటి మెట్టు మీదే ఉండిపోయేవాళ్లుంటారు. అలాంటివాళ్ల కోసం 88వ కీర్తన ఉంది. అది నమ్మకంతో ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతో ఆగిపోతుంది. దాన్ని దేవుని వాక్యంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. సిలువ మీద యేసు గట్టిగా కేక వేసింది కూడా 22వ కీర్తన మొదటి మాటే: నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు? దేవుణ్ణి నిలదీసేవాడు ఇంకా దేవుడితోనే మాట్లాడుతున్నాడు. నమ్మకం పోయినవాడు నిలదీయడు, వీపు తిప్పుకుని వెళ్లిపోతాడు.

చేయాల్సింది ఇలా. ఒక నోట్‌బుక్ తీసుకోండి. రోజూ ఒకే వేళ పెట్టుకోండి, పది నిమిషాలు చాలు. పిల్లలు స్కూలుకి, కాలేజీకి వెళ్లాక కుట్టు మిషను దగ్గర కూర్చునే ముందు మంచి సమయం. 13వ కీర్తన పైకి చదవండి, మనసులో కాదు, పెదవులు కదలాలి. తర్వాత "యెహోవా, ఎన్నాళ్లవరకు" అని రాసి, ఆ వాక్యం మీ మాటల్లో పూర్తి చేయండి. గ్రాంథికంలో వద్దు, మీరు అక్కతో మాట్లాడే భాషలో. "ఎన్నాళ్లని తెల్లారుజామున నాలుగింటికి లేచి బస్సెక్కాలి?" "బాబుకి షూ కొనలేకపోయాను, నీకు కనిపించడం లేదా?" ఇలాంటివి మూడు వాక్యాలు. తర్వాత ఒక్క మనవి, ఈ ఒక్క రోజుకు సరిపడేది. పూర్తి స్వస్థత అడగవద్దనడం లేదు, అడగండి. కానీ దాంతో పాటు ఈ సాయంత్రం లోపల జవాబు తెలిసేది ఒకటి కూడా అడగండి: ఈ రోజు బీపీ పడిపోకుండా ఉండాలి, ఫలానా జాకెట్టు డబ్బులు ఇవాళ రావాలి. చివర్లో ప్రభువు నేర్పిన ప్రార్థన. అది అరనిమిషం కూడా పట్టదు. ఏమీ అనిపించకపోయినా చెప్పండి. అందులో ఉన్నది "నా తండ్రీ" కాదు, "మా తండ్రీ". మీరు పలికేటప్పుడు మీతో పాటు ఎంతోమంది పలుకుతుంటారు, మీ గొంతు ఆ గుంపులో కలిస్తే చాలు.

రాయడం కూడా కుదరని రోజులుంటాయి. ఆ రోజు నోట్‌బుక్ తెరిచి తేదీ మాత్రం వేసి మూసేయండి. ఉచ్చరించలేని మూలుగులతో ఆత్మే మన పక్షంగా వేడుకుంటాడని పౌలు రాసింది (రోమా 8:26) సరిగ్గా మాటలు లేని ప్రార్థన గురించే. మాట పెగలక మోకరించి లేచిన ఆ రాత్రులన్నీ ప్రార్థన లేని రాత్రులని మీరు లెక్కేసుకుంటున్నారు. ఆ లెక్క తప్పు.

ఇందులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మొదటి వారం గంటసేపు కూర్చుంటారు, రెండో వారం అరగంట, మూడో వారం మానేసి, మానేశామని కుమిలిపోతారు. పది నిమిషాలే పెట్టుకోండి, బాగా ఉన్న రోజున కూడా పెంచకండి. ఇంకో పొరపాటు, నిద్ర రాని రాత్రి ఫోను తీసి ప్రవచనాల వీడియోలు చూడడం. ఒకటి మీకు అద్భుతం వస్తోందంటుంది, ఇంకోటి శాపం ఉందంటుంది, తెల్లారేసరికి భయం రెట్టింపవుతుంది. ఫోను వేరే గదిలో పెట్టండి. మెలకువ వస్తే కళ్లు మూసుకునే, ఊపిరి పీల్చేటప్పుడు "యెహోవా నా కాపరి", వదిలేటప్పుడు "నాకు లేమి కలుగదు" అనుకోండి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పదిసార్లు, మెల్లగా. వదిలే ఊపిరి పీల్చేదానికంటే కాస్త పొడుగ్గా ఉంటే ఒళ్లు కూడా నెమ్మదిస్తుంది. గాలికి ఎదురు తెడ్లు వేయలేక అలసిన శిష్యుల దగ్గరికి యేసు వచ్చింది రాత్రి నాలుగో జామున, అంటే మూడు దాటాక. మీకు మెలకువ వచ్చేదీ ఇంచుమించు ఆ వేళకే అయ్యుంటుంది.

ఉపవాసం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మీ ఆయన ఉపవాసం ఉండకూడదు. షుగరు ఉండి ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి మానేస్తే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. మీరు కూడా డయాలసిస్ రోజుల్లో ఉండొద్దు. ఏలీయా ప్రవక్త చావాలని కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత బోధ చేయలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ఆ తర్వాతే ప్రయాణం, ఆ తర్వాతే దేవుడి మాట. మీరు ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు ఇంత అన్నం డబ్బాలో పెట్టుకుని వెళ్లడం కూడా ఈ వాక్యం ప్రకారం నడవడమే.

ఇక బలం ఎక్కడుందన్నారు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు ఉన్నవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు. జనంలో దారి లేక ఇంటి పైకప్పు విప్పి మంచాన్ని కిందికి దించారు. అప్పుడు యేసు "వారి విశ్వాసము" చూశాడని రాసి ఉంది. మంచం మీద ఉన్నవాడి విశ్వాసం సంగతి అక్కడ ఎత్తనే లేదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో కూడా రోగి చేయాల్సింది సంఘ పెద్దలను పిలిపించడం. నూనె రాసి ప్రార్థన చేసేది పెద్దలు. రోగి విశ్వాసానికి అక్కడ పరీక్ష లేదు. మీరిప్పుడు మంచం మీద ఉన్నారమ్మా, మీ ఆయన ఒక్కరే కాదు. బలం మీ గుండెలో వెతకకండి, ఆ మంచం నాలుగు కోళ్ల దగ్గర వెతకండి.

అందుకే నలుగురిని పేర్లతో ఎంచుకోండి. ఒకరు వారంలో ఒక్క రోజు మీ ఆయనతో ఆసుపత్రికి వెళ్లేవాళ్లు. ఆ పూట మీరు నిద్రపోతారో, బట్టలు కుట్టుకుంటారో మీ ఇష్టం. ఒకరు మీరు వెళ్లిన రోజు పిల్లలకు సాయంత్రం అన్నం సంగతి చూసేవాళ్లు. ఒకరు కాగితాలూ లెక్కలూ తెలిసినవాళ్లు, పింఛనూ అప్పులూ చూసిపెడతారు. నాలుగో మనిషి ఊరికే వినేవాళ్లు, సలహా చెప్పనివాళ్లు. అయ్యగారి భార్య కావచ్చు, స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ కావచ్చు. అడిగేటప్పుడు "మా కోసం ప్రార్థన చేయండి" అని ఆపేయకండి. "ఏ అవసరం ఉన్నా చెప్పమ్మా" అని మనసారా అంటారు, మీరు చెప్పరు, వాళ్లకు తెలియదు, నెలలు గడిచిపోతాయి. "వచ్చే బుధవారం పొద్దున ఏడు నుంచి పన్నెండున్నర దాకా ఆయన దగ్గర కూర్చోగలరా?" అని అడగండి. రోజు, వేళ, పని, మూడూ చెబితే పదిమందిలో ఏడుగురు కాదన్నా ముగ్గురు సరే అంటారు. చర్చికి వెళ్లాలంటే సిగ్గు అన్నారు. మొదటి ఆదివారం ఆరాధన మొదలయ్యాక వెళ్లి వెనక చాప మీద కూర్చోండి, ఆశీర్వాదం కాగానే లేచి రండి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. పాట మీరు పాడలేకపోతే పక్కావిడ పాడుతుంది, మీరు వినండి.

ఇంటికి ప్రార్థనకు వచ్చేవాళ్లకు మాత్రం కొన్ని సంగతులు ముందే చెప్పి పెట్టాలి. ప్రేమగా వచ్చేవాళ్లు కొబ్బరి బోండాలు, అరటిపళ్లు, బత్తాయిలు పట్టుకొస్తారు. మూడింటిలోనూ పొటాషియం ఎక్కువ, నీళ్లు కూడా. డయాలసిస్ మనిషికి అవి విషంతో సమానం. మొహమాటపడి ఆయన రెండు గుక్కలు తాగితే ఆ రాత్రి మీకు జాగారమే. "పళ్లు వద్దండీ, డాక్టరు ఒప్పుకోలేదు" అని అయ్యగారి చేత సంఘంలో ఒకసారి చెప్పించండి. చేతులుంచి ప్రార్థన చేసేవాళ్లు ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి పట్టుకోకూడదు, నొక్కకూడదు. నూనె నుదుటి మీద ఒక చుక్క చాలు, ఆ చేతికి రాయవద్దు. ప్రభువు బల్ల ఇంటి దగ్గర తీసుకుంటే చెంచాడు ద్రాక్షరసంతో ఇబ్బంది లేదు, కాకపోతే ఆ రోజు తాగే నీళ్ల లెక్కలో దాన్నీ కలపండి. మీరు కథోలికులైతే ఫాదర్‌గారిని రోగుల అభ్యంగనం ఇవ్వమని అడగండి. అది చావు ముందు మాత్రమే ఇచ్చేది కాదు, పెద్ద జబ్బుతో ఉన్నవాళ్లెవరైనా తీసుకోవచ్చు.

వారం కూడా ఆయన ఒంటికి తగ్గట్టు అమర్చుకోవాలి. డయాలసిస్ అయిన సాయంత్రం మనిషి పిండేసినట్టు ఉంటాడు, ఆ రోజు ఇంట్లో కూడిక పెట్టకండి. కుటుంబ ప్రార్థన మంగళ, గురు, శనివారాల్లో పెట్టుకోండి, పావుగంట మించకుండా. మీ లెక్కలో శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉండేదే పెద్ద ఎడం. అందుకే ఆదివారం జాగ్రత్త. ఆరాధన తర్వాత ప్రేమ విందులో ఆవకాయ, అప్పడం, బిర్యానీ తింటే ఉప్పు వల్ల దాహం, దాహం వల్ల నీళ్లు, సోమవారం తెల్లారేసరికి ఆయాసం. పొద్దున్నే బరువు చూసి రాసిపెట్టండి. డాక్టరు చెప్పిన బరువు కంటే ఎంత పెరిగిందో అదంతా నీరే. మంచి శుక్రవారం కూడా డయాలసిస్ రోజే అవుతుంది. మానవద్దు. ఏడు మాటల ఆరాధన మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఉంటుంది కాబట్టి పొద్దుటి షిఫ్టు ఇమ్మని రెండు వారాల ముందే అడగండి. దొరక్కపోతే ఆ మంచం పక్కనే ఏడు మాటలూ చదువుకోండి.

పిల్లల గురించి ఒక్క మాట. మా నాన్న బాగవకపోవడానికి నా ప్రార్థన చాలలేదేమో అని పిల్లలు లోలోపల అనుకుంటారు, బయటికి చెప్పరు. ఆ బోధకుడి మాటలు వాళ్ల చెవిన కూడా పడి ఉంటాయి. ఇద్దరినీ కూర్చోబెట్టి సూటిగా చెప్పండి: ఇది షుగరు వల్ల వచ్చింది, మీ వల్ల కాదు, మీ ప్రార్థన వల్ల కాదు. అమ్మాయికి పరీక్షల ఏడాది, తనను మోసే నలుగురిలో లెక్కపెట్టుకోకండి.

మీకే చచ్చిపోవాలనిపించే తలపులు వస్తుంటే, వారాల తరబడి నిద్ర, తిండి పోతే, 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మనసు డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా అంజూరపు ముద్ద లాంటిదే. మీ ఆయన్నీ ఒకసారి అడగండి. నా వల్ల మీరంతా నలిగిపోతున్నారు అని మగవాళ్లు పైకి అనరు, మందులు మర్చిపోవడం మొదలుపెడతారు. అలా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి, అయ్యగారికీ చెప్పండి.

సోమవారం ఆసుపత్రికి బైబిలు కూడా పట్టుకెళ్లండి. డయాలసిస్ ఇంచుమించు నాలుగు గంటలు. చివరి గంటలో బీపీ పడడం, కాళ్ల పిక్కలు పట్టేయడం ఎక్కువ, అప్పుడు ఏదీ తలకెక్కదు. అందుకని మొదటి గంటలో, ఆయన కాస్త కుదురుగా ఉన్నప్పుడు, 13వ కీర్తన చదవండి. మొదటి రెండు వచనాలు మీరు, తర్వాతి రెండూ ఆయన. చివరి రెండూ ఆ రోజు ఎవరికీ రాకపోతే అక్కడ ఆపి, బుధవారం అక్కడి నుంచి అందుకోండి.